ఢిల్లీబాబు బొటనవేలు

మా చెల్లెలి కొడుకు ఢిల్లీబాబు థాయ్‌లాండ్ నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లో వాడు కూర్చోని అరుగు మా వీధిలో లేదు. పదో రోజు పొద్దున్న మా అరుగుకి వంతు వచ్చింది. ఒకటో తారీకు కాబట్టి, పింఛను తెచ్చే సచివాలయం అమ్మాయి కోసం నేనూ, పక్కింటి సన్యాసమ్మా కనిపెట్టుకుని కూర్చున్నాం. చేతులు ఊరుకోవు కదా, చెరో చేట ముందేసుకుని జీడిపప్పు మీది ఎర్రపొట్టు ఒలుస్తున్నాం.

మామూలు రోజైతే వాడి కథ విని మురిసిపోయేదాన్నే. చిన్నప్పుడు వాడు జానెడు చేపను పట్టి బారెడని చెబితే, "తోక కూడా కొలిచావా నాయనా" అని అడిగి ఇంకో జానెడు పెంచుకోనిచ్చినదాన్ని. ఈసారి నవ్వు రాలేదు. నా మనవరాలు ప్రవల్లిక మొగుడు త్రినాథ్ పూండి స్టేషన్ దగ్గర ఆటో తోలుకుంటూ బతుకుతున్న మనిషి, ఢిల్లీబాబు మాటలు విని తానూ ఆ దేశం వెళ్తానని కూర్చున్నాడు. టెక్కలిలో ఎవరో ఏజెంటు ఉన్నాడట. ఆ పూట పదకొండు గంటల బస్సుకి ఢిల్లీబాబు వెళ్లి, త్రినాథ్ పాస్‌పోర్టు ఆ ఏజెంటు చేతిలో పెట్టి రావాలి. పాస్‌పోర్టు అప్పటికే వాడి చొక్కా జేబులోకి వెళ్లిపోయింది. వెళ్లేముందు నేనొకసారి అడిగి తీసుకుని, దాని మీద త్రినాథ్ పేరు కూడబలుక్కుని చదివాను. నాకు అక్షరాలొచ్చింది అరవై దాటాక. వచ్చినప్పటి నుంచీ పేరున్న కాగితం చేయి దాటిపోతుంటే నాకు గుండెలో ఏదోగా ఉంటుంది.

ప్రవల్లికకి ఐదో నెల. ముందురోజు నా పక్కన కూర్చుని, "అమ్మమ్మా, మావ సెప్పింది నిజమో కాదో నువ్వే తేల్సు. నువ్వు నిజమంటే నాను నోరెత్తను" అంది. టీవీలో అందరం చూశాం. పనికని ఆ పక్క దేశాలకి తీసుకెళ్లి, గదుల్లో పెట్టి, పాస్‌పోర్టులు లాక్కుని, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించారని. ఢిల్లీబాబు అలాంటివాడని నేననను. కానీ అక్కడున్న రెండేళ్లలో ఒక్క ఫొటో పంపలేదు. ఫోన్లో మాట వినిపించేది, మొహం కనిపించేది కాదు.

ఇంకోటి. వాడు వచ్చినప్పటి నుంచీ కుడి చేతికి తెల్ల రుమాలు చుట్టుకునే తిరుగుతున్నాడు. ప్రవల్లిక టీ ఇస్తే ఆ రుమాలుతోనే గ్లాసు పట్టుకున్నాడు.

"అదేట్రా, కాలినాదా?" అన్నాను.

"కాదు పెద్దమ్మా, అక్కడి అలవాటు. ఉత్త సేత్తో గ్లాసు పట్టుకుంటే మర్యాద తెలీనోడు అనుకుంటారు ఆళ్లు."

సన్యాసమ్మ నా వైపు చూసింది. నేను పప్పు వైపు చూశాను. నిజం తేల్చాలంటే అడగకూడదు, వినాలి. అబద్ధం బరువైంది, మోసేవాడే ఎక్కడో దించుతాడు.

"సెప్పరా మరి," అన్నాను. "అక్కడ నువ్వెలగ బతికినావో."

వాడు గోడకి ఆనుకుని మొదలుపెట్టాడు.

"సూడు పెద్దమ్మా, నాను గొప్పోణ్నని సెప్పుకోను. నాను సేసింది సిన్న పని. పళ్లకొట్లో ధర సదివినాను, అంతే. అక్కడ ఏ బోర్డు మీదైనా రెండు వరసలుంటాయి. మీది వరస ఆళ్ల అంకెల్లో ఉంటాది, సూస్తే జిలేబీ సుట్టల్లాగ ఉంటాయి. కింది వరస మనకి తెలిసిన అంకెల్లో. మీది వరస ఆ దేశం మడుసులకి, కింది వరస పరాయోళ్లకి. పార్కులో నడిసొచ్చినా అంతే, జలపాతం సూసొచ్చినా అంతే, పదేళ్ల నుంచి అక్కడే కాపరమున్న తెల్లోడైనా సరే కింది వరసే ఇచ్చుకోవాల, ఇచ్చుకునీసి ఇంటికొచ్చి ఏడుసుకోవాల."

"మన పలాసలో రైలు దిగినోళ్లకి పప్పు ఒక ధర, మనకొక ధర కాదేటి," అంది సన్యాసమ్మ. "దానికి ఏడుపెందుకు."

"అదే కదా పిన్నీ, నాను ఏడవనేదు. ఒక్క పూటలో ఆ జిలేబీలు నేర్సీసుకున్నాను. మర్నాడు కొట్టుకెల్లి మీది వరస పైకి సదివినాను, ఆళ్ల యాసలోనే. కొట్టావిడ సేతిలో పండు జారిపోయింది. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? ఊళ్లో పరాయోళ్లందరికీ తెలిసిపోయింది. మర్నాటి నుంచి నాను ముందు, నా ఎనకాల ముప్పై మంది, నలభై మంది, జర్మనీవోళ్లు, రష్యావోళ్లు, అందరూ బుట్టలట్టుకుని. నెల తిరిగీసరికి బజారు బజారంతా కింది వరస సెరిపీసి సున్నం కొట్టీసినారు. ఆ సున్నం దుమ్ముకి వారం రోజులు సూర్యుడు కనపడనేదు."

త్రినాథ్ అరుగు కింద పీట మీద కూర్చుని వింటున్నాడు. "మరి పనేటి మావా? నువ్వు సేసిన పని?"

"వత్తన్నాను అల్లుడా. అక్కడికే వత్తన్నాను. ముందు ఇల్లు గురించి ఇను. అక్కడ ఇల్లు అద్దెకి దొరకడం గొప్ప కాదు. నువ్వు ఆ ఇంట్లో దిగినావని ఇంటావిడ ఒక్క రోజులో పరాయోళ్ల లెక్క రాసుకునీ ఆఫీసుకి సెప్పుకోవాల. నువ్వు పక్కూరెల్లి నాలుగు రోజులుండి తిరిగొచ్చినావనుకో, మళ్లీ సెప్పాల. ఇంటావిడ మర్సిపోయిందనుకో, ఆఫీసులో సీవాట్లు నీకే."

"ఆవిడ మర్సిపోతే తిట్లు నీకా?" అన్నాను. నాకు నిజంగానే ఆశ్చర్యమేసింది.

"నాకే. నీ కాయితం ఏదీ అంటారు. ఇంటావిడని అడిగితే ఆవిడ, ఏదో ఎవరూ సూడర్లే అంటాది. ఆఫీసులో సూస్తారు. మజ్జిలో మనం. అందుకని నానే ఆవిడ పేరున కాయితం రాసీసినాను. పక్కింటావిడ సూసి తనకీ రాయమంది. ఆ వీధికి రాసినాను, ఆ పేటకి రాసినాను. ఆకరికి ఆఫీసరే రోజూ సాయంత్రం నాకు ఫోను సేసీవాడు, ఢిల్లీగారూ, ఈ పూట మనూళ్లో మొత్తం ఎంతమంది తొంగున్నారూ అని. నాను లెక్క సెప్తేగాని ఆడికి నిద్ర పట్టీది కాదు."

సన్యాసమ్మ పొట్టు ఊదింది. "ఎంతమంది?"

"ఏటి?"

"తొంగున్నోళ్లు."

"ఎనభై లచ్చలా ఆరు మంది," అన్నాడు తడుముకోకుండా. "ఆ ఆరుగురిలో నానొకణ్ని."

నాకు అప్పుడే ఒక సంగతి వింతగా తోచింది. కాగితాల బాధ చెప్పేటప్పుడు వాడి గొంతు నిజం చెబుతున్నట్టే ఉంది, మజ్జిలో మనం అన్నప్పుడైతే కళ్లు కూడా దిగిపోయాయి. ఆ తర్వాత వచ్చే గొప్పే పొంగు. అబద్ధాలాడేవాడికి గొప్పలు తెలుస్తాయి గానీ ఇంత చిన్న చిన్న బాధలు ఎలా తెలుస్తాయి? అక్కడ ఉండకపోతే ఇవెక్కడివి? అలా అనుకుంటే నా అనుమానం కొంచెం తగ్గబోయింది. రుమాలు చూస్తే మళ్లీ పెరిగింది.

"నువ్వున్న గదికి కిటికీ ఉందేట్రా?" అని అడిగాను. టీవీలో చూపించిన గదులకి కిటికీలు లేవు.

"కిటికీ... ఉన్నాది. అద్దం. పెద్ద అద్దం పెద్దమ్మా. అద్దం అవతల విమానాలు."

"విమానాలా?"

"ఆకాశంలో ఎగుర్తాయి కాదేటి," అని గబగబా టీ తాగేశాడు. "అది ఒగ్గీ. అసలు బాధ తొంబై రోజులది. పరాయోడు ఎవడైనా సరే తొంబై రోజులకోసారి ఆఫీసుకెల్లి, నాను ఇక్కడే ఉన్నాను, ఫలానా ఇంట్లో ఉన్నాను అని సెప్పుకోవాల. తెల్లారకముందే ఎల్లి నిల్సోవాల. టోకెను ఇస్తారు. నీ వంతొచ్చీసరికి, ఈ కాయితం నకలేదీ అంటారు. రోడ్డు దాటి జిరాక్సు కొట్టుకెల్లాల. తిరిగొస్తే, ప్రతి కాయితం మీదా సంతకమేదీ అంటారు. సంతకం ఎట్టీసరికి భోజనాల గంట. కిటికీ మూసీస్తారు. లోపల ఆళ్లు తిన్న వాసనొస్తాది."

"మనకి పింఛనుకి ఏలు ఎట్టమన్నట్టే ఉంది," అన్నాను. "బతికున్నావా సచ్చిపోయినావా అనే కదా."

"అదే. బతికున్నానని సెప్పుకోడానికి సచ్చిపోవాల. పైగా ఆళ్లు మనల్ని పిలిసీ మాటకి అర్దం చుట్టమని. తెల్లోణ్నేమో జాంపండన్న మాటతో పిలుస్తారు, మనల్ని చుట్టమంటారు."

"చుట్టానికి తొంబై రోజులా," అంది సన్యాసమ్మ. "మూడో రోజుకే మొహం మాడ్సుకుంటాం మనం. మంచోళ్లే ఆళ్లు."

త్రినాథ్ నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ ప్రవల్లిక నవ్వలేదు. గోడ మీద గడియారం చూసింది. పది అవుతోంది.

"ఆ తర్వాత ఏటయిందో తెలుసా? నా గది కింద కాలవలో ఒక ఉడుముండీది. అక్కడి ఉడుములు మన ఉడుములు కావు, ఆటో అంతుంటాయి. నాను దాన్ని రోజూ సూసీవాణ్ని. దాని నడక ఆ దేశం నడక కాదు. ఏరు దాటి పక్క దేశం నుంచి వచ్చీసింది, ఆనవాలు పట్టినాను. పాపం, కాయితం నేదు. దొరికిపోతే గెంటీస్తారు. తొంబై రోజుల నాడు నాతో తీసికెల్లినాను. వరసలో నిల్సోబెట్టినాను. దాని టోకెను నలభై ఆరు, నాది నలభై ఏడు. ఫొటో తీసినమ్మాయి నాలిక లోపలెట్టమంటే బుద్దిగా ఎట్టింది. చిరునామా అన్న సోట, ఢిల్లీబాబు కింద, అని నానే రాసినాను. ముద్ర ఏసీసినారు. ఆ రోజు నుంచి నా కాయితం నాకన్నా ముందు అదే గుర్తెట్టుకునీది. తొంబయ్యో రోజు పొద్దున్న తలుపు తోకతో కొట్టి లేపీది."

"నకళ్ల మీద సంతకం?" అంది సన్యాసమ్మ.

"పంజా."

వింటూ నవ్వకుండా ఉండటం కష్టమైంది. నోట్లో కొంగు పెట్టుకున్నాను. ఈ నవ్వుతోనే కదా వాడు త్రినాథ్‌ని పట్టింది అని గుర్తొచ్చి మళ్లీ తీసేశాను.

"పని," అన్నాడు త్రినాథ్ ఈసారి కాస్త గట్టిగా. "పనేటి మావా? నాకు ఏజెంటు కంప్యూటర్ పనంటాడు. నాకు కంప్యూటర్ రాదు కదా."

"పని కాయితం దొరికితే కదా పని. అది ఇను ముందు. బేంకు పుస్తకం ఉంటేగాని ఇంటి కాయితం రాయరు. ఇంటి కాయితం ఉంటేగాని పని కాయితం ఇవ్వరు. పని కాయితం ఉంటేగాని బేంకోడు పుస్తకం తెరవడు. ఒక బేంకులో కుదర్దంటారు, అదే బేంకు పక్క వీధి బ్రాంచీలో కుదురుతాదంటారు, కూకున్న అమ్మాయి మనసుని బట్టి. ఏడాది తిరిగినోళ్లున్నారు. నానేటి సేసినాను? మూడు ఆఫీసుల సుట్టూ పరిగెట్టినాను. మొదట నడిసినాను, తర్వాత పరిగెట్టినాను, తర్వాత ఎంత జోరుగా పరిగెట్టినానంటే మూడో ఆఫీసులో ముద్ర తడారకముందే మొదటి ఆఫీసులో దూరీవాణ్ని. ఆ జోరుకి నా ముందు ఎవడో పరిగెడతన్నాడు. ఈడెవడ్రా నా సొక్కా ఏసుకున్నాడు అని భుజం పట్టుకుని తిప్పి సూద్దును కదా, నానే."

"ముందున్నోడికి పని దొరికిందా, ఎనకాలోడికా?" అంది సన్యాసమ్మ.

"ఇద్దరికీని," అన్నాడు వాడు. "అసలు నాను అక్కడ దిగిన ఏడాదే మీకు తెల్దు. ఆళ్ల లెక్క బుద్దుడి నుంచి మొదలు. మన ఏడాది కన్నా ఐదొందల నలభైమూడేళ్లు ముందుంటాది. కాయితాల మీద అన్నీ ఆ ఏడాదే. నానేమో పుట్టిన ఏడు మన లెక్కలో రాసినాను. ఇయ్యాల్టి తారీకు ఆళ్ల లెక్కలో ఏసుకున్నారు. దాంట్లోంచి ఇది తీసేసి సూస్తే నా వయసు ఐదొందల ఎనభై నాలుగు."

"అన్నేళ్ల తర్వాతైనా మన పూండిలో ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆగుతన్నాయేటి, సూసొచ్చినావా?" అంది సన్యాసమ్మ.

"నన్ను ముసలోళ్ల వరసలో కుర్సీ ఏసి కూకోబెట్టినారు. ఆఫీసరు లేసి దండం ఎట్టినాడు. తాతా, ఈ ఊరు కట్టకముందు ఇక్కడేటుండీది అనడిగినాడు. జీడితోట అని సెప్పినాను. రాసుకున్నాడు."

ఇక ఆపితే బాగుండేది. కానీ వాడు అరుగు మీద ముందుకి జరిగాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నిటికన్నా గొప్ప మాత్రం నా ఏలు. విమానం దిగంగానే ఒక యంత్రం ఉంటాది. సేతి ఏళ్లు నాలుగూ ఎట్టమంటాది, తర్వాత బొటనేలు. అందరికీ ఎర్ర లైటు, తుడుసుకో, మళ్లీ ఎట్టు. నా బొటనేలు ఆనీసరికి పచ్చగా ఎలిగిపోయింది. ఆ యంత్రానికి అంత మంచి ఏలు ఎప్పుడూ తగల్నేదట. ఆ ఆఫీసంతా లేసి సూసినారు. ఆ రోజు నుంచి ఎక్కడ ఏ తలుపు తెరుసుకోకపోయినా ఢిల్లీ ఏలు తెండి అనీవారు. బేంకు తలుపుకి నానే, రైలు తలుపుకి నానే. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? వానాకాలం. వీధుల్లో మోకాల్లోతు నీళ్లు, అక్కడ ప్రతేటా ఉండీదే, సెప్పులు సేత్తో పట్టుకుని కాయితాలు నెత్తి మీదెట్టుకుని నడుస్తారు. ఆ ఏడు పీకల్లోతు. సముద్రం గేటు తెరిస్తేగాని నీళ్లు పోవు. గేటు యంత్రం ఎవరి ఏలూ పట్టనంటాది. నన్ను ఉడుము మీద కూకోబెట్టి తీసికెల్లినారు. బొటనేలు ఎట్టినాను. గేటు తెరుసుకున్నాది. ఊరి నీళ్లన్నీ ఒక్క దూకుడు దూకి సముద్రంలో పడీసరికి, సముద్రం ఒక్క తోపు తోసింది. ఆ తోపు ఎక్కడ తేలిందో తెలుసా? పోయినేడు మన భావనపాడు కాడ కెరటం పైకొచ్చీసింది సూడండి, అది అదే."

"మా తమ్ముడి వల కొట్టుకుపోయింది నీ వల్లా," అంది సన్యాసమ్మ. "ఈసారి ఆ ఏలు ముడుసుకుని తొంగో బాబూ."

త్రినాథ్ పగలబడి నవ్వాడు. ఢిల్లీబాబు లేచి చొక్కా సర్దుకున్నాడు, జేబు మీద చెయ్యేసి చూసుకున్నాడు. "ఇక ఎల్తాను పెద్దమ్మా. బస్సు టైమవుతన్నాది."

సరిగ్గా అప్పుడు సచివాలయం అమ్మాయి ప్రమోదిని మా అరుగు ముందు స్కూటీ ఆపింది. భుజాన సంచీ, చేతిలో ఫోను, ఫోనుకి తగిలించిన చిన్న యంత్రం. "మామ్మా, ముందు మీరు. వేలు పెట్టండి" అంది.

కుడి బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు. చీరకి తుడిచి పెట్టాను. ఎర్ర లైటు. చూపుడువేలు, ఎడమ చేయి, అన్నీ అయ్యాయి.

"మీకెప్పుడూ ఇంతే మామ్మా," అంది ప్రమోదిని. "ఎన్నేళ్లు జీడిపిక్కలు కొట్టారు?"

"పలాస ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లమ్మా."

"జీడి రసం గీతలన్నీ తినేసింది. నున్నగా గోళీలా ఉన్నాయి వేళ్లు. ఉండండి, మొహంతో చూద్దాం, సిగ్నల్ రానీండి."

మా వైపు ఇది కొత్త కాదు. పిక్క కొట్టి పప్పు తీసినవాళ్లెవరికీ వేలు పడదు. రేషనుకీ పడదు, బ్యాంకులోనూ పడదు. గీతలు మళ్లీ రావాలంటే జీడి ముట్టకుండా నెలలు కూర్చోవాలి, అలా కూర్చునేవాళ్లు ఎవరు? నేను నా వేలు చూసుకుంటూ ఉండగా ఒక మాట గుర్తొచ్చింది. ఢిల్లీబాబు ఆ దేశం బయల్దేరిన ముందురోజు వరకూ పిక్కలు కొట్టింది నా పక్క పీట మీదే.

వాడిని పట్టుకోవాలని అడగలేదు. ఆశ కొద్దీ అడిగాను. నెలనెలా ఈ ఎర్ర లైటుతో విసిగిపోయి ఉన్నానాయె.

"ఒరే ఢిల్లీ, నీ సేతులూ నా సేతుల్లాంటివే కదా. నీ ఏలు అక్కడ ఎలగ పడింది నాయనా? ఏటి రాసుకున్నావో సెప్పు. నాకూ పనికొస్తాది."

వాడు మెట్టు దిగబోతూ అలాగే నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఉడుముకి ఫొటో తీయించిన నోరు అది, ఒక్క మాట రాలేదు.

"సెప్పు మావా," అన్నాడు త్రినాథ్, ఇంకా నవ్వు మొహంతోనే. ఆ నవ్వు మెల్లగా వాడి మొహం నుంచి దిగిపోవడం నేను చూశాను.

సన్యాసమ్మ చేట పక్కన పెట్టి, వంగి, ఢిల్లీబాబు కుడి చేతి రుమాలు ఒక్క లాగు లాగింది. వేళ్లు నల్లగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో నలుపు, బొటనవేలి మీద చర్మం పొరలుగా లేచి కింద ఎర్రగా ఉంది. జీడి తెలియని వాళ్లయితే ఏదో కాలిందనుకుంటారు. మేము చూడగానే రోజులు చెప్పగలం.

"ఇది రెండు వారాలది," అంది సన్యాసమ్మ.

ఢిల్లీబాబు మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. "ఏలు పడనేదు పెద్దమ్మా," అన్నాడు.

ఆ తర్వాత వాడు చెప్పిందాంట్లో పెంచినదేమీ లేదు.

"విమానం దిగినాను. యంత్రం మీద ఎట్టమన్నారు. పడనేదు. తుడిసి ఎట్టినాను. పడనేదు. ఎనకాల జనం గొణిగినారు. నన్ను పక్కకి పిలిసినారు. ఎందుకొచ్చినావు అన్నారు. ఊరు సూడ్డానికని సెప్పమన్నాడు ఏజెంటు. నా సేతులు తిప్పి సూసినారు. ఏ ఊరు సూస్తావు అన్నారు. ఒక్క ఊరు పేరు రానేదు నాకు. ఏలు పడకనో, నోరు పడకనో, ఏదో, ఒక గదిలో కూకోబెట్టినారు. రెండ్రోజులు. అద్దం అవతల విమానాలు దిగీవి, ఎగిరీవి. మూడో రోజు ఎనక్కి ఎక్కించీసినారు."

"మరి ఆ కాయితాలు, ఆ తొంబై రోజులూ?" అన్నాను.

"ఆ గదిలో నా పక్కన ఒక పెద్దాయన కూకున్నాడు. విజయనగరం పక్క మనిషి. అక్కడ హోటల్లో పద్దెనిమిదేళ్లుగా వంట. ఇంట్లో అవసరమని బేగి బయల్దేరొచ్చీసి, తిరిగెల్లడానికి ఏయించుకోవాల్సిన ముద్ర మర్సిపోయినాడు. పద్దెనిమిదేళ్లు తొంబై రోజులకోసారి ఉన్నానని సెప్పుకున్నోడు, ఒక్క ముద్రకి బయట పడిపోయినాడు. రెండ్రోజులూ ఆయన సెప్తానే ఉన్నాడు. కింది వరస, ఇంటావిడ కాయితం, బేంకు, జిరాక్సు కొట్టు. ఇంటానే ఉన్నాను. ఇంటికొచ్చి ఏటని సెప్పుకోను? వీధంతా సాగనంపినారు నన్ను. పర్లాకిమిడి అవతల ఒక జీడి ఫ్యాక్టరీలో సేరిపోయినాను. రెండేళ్లు. ఆయన బాధలన్నీ నాయి సేసీసుకున్నాను పెద్దమ్మా. ఉడుమొక్కటే నాది."

ప్రవల్లిక గుమ్మం దాటి వచ్చింది. "మరి మా ఆయన్ని ఎక్కడికి తీసికెల్తన్నావు మావా?" అంది.

వాడు తల దించుకున్నాడు. "ఏజెంటు ఈసారి ఏలు అడగని దారి ఉన్నాదన్నాడమ్మా. పక్క దేశంలో దిగి, రాత్రి పూట ఏరు దాటించీస్తారట. అక్కడెవరూ ఏలు ఎట్టమనరట. ఒక్కణ్నయితే ఒద్దన్నాడు, ఇంకొకణ్ని తెస్తే నన్నూ పంపుతానన్నాడు. ఈసారైనా నిజంగా ఎల్లీసొస్తే, సెప్పినవన్నీ నిజమైపోతాయని..."

"పని ఏటన్నాడు?" త్రినాథ్ ఇది మూడోసారి అడగడం.

"తెల్దు అల్లుడా. పాస్‌పోర్టులు ముందిచ్చీమన్నాడు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ విజయనగరం ఆయన గుర్తొచ్చాడు, చూడని మనిషి. తొంభై రోజులకోసారి తెల్లారకముందే వెళ్లి వరసలో నిలబడి విసుక్కున్న మనిషి.

"ఒరే నాయనా," అన్నాను. "తొంబై రోజులకోసారి ఉన్నావా అని అడిగీ ఊరికి నాను భయపడను. ఇసుక్కున్నా, కాయితాలడిగినా, నువ్వున్నావని ఒకడు రాసుకున్నాడు. ఏలు అడగని దారిలో ఎల్లినోడు మాయమైపోతే ఎవడు కనుక్కుంటాడు? ఈ పిల్ల ఏ కిటికీ కాడకెల్లి అడగాల?"

వాడు జేబులోంచి పాస్‌పోర్టు తీశాడు. త్రినాథ్ చెయ్యి చాపాడు. వాడు త్రినాథ్‌కి ఇవ్వలేదు, ప్రవల్లిక చేతిలో పెట్టాడు. అట్ట మీద వాడి బొటనవేలు నల్లగా పడింది. గీతలు లేని మచ్చ, కానీ పడింది. ప్రవల్లిక దాన్ని తుడవలేదు, అలాగే లోపలికి తీసుకెళ్లింది. వీధి చివర పదకొండు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. త్రినాథ్ ఆ బస్సు వైపు చూసి, లేచి ఆటో సీటు దులపడం మొదలుపెట్టాడు.

"సిగ్నల్ వచ్చింది మామ్మా," అంది ప్రమోదిని. ఫోను నా మొహానికి ఎదురుగా పట్టింది. "ఇటు చూడండి. ఒకసారి కళ్లు మూసి తెరవండి."

మూసి తెరిచాను.

"అయిపోయింది. ఉన్నారు," అని నవ్వి, సన్యాసమ్మ వైపు తిరిగింది.

నేను నా చేటలో సగం పప్పు ఇంకో చేటలోకి ఒంపి ఢిల్లీబాబు ముందుకి తోశాను. వాడు ఎడమ చేత్తో ఒలవడం మొదలుపెట్టాడు.

"నువ్వెక్కడ పనికెల్లినా ఎల్లు," అన్నాను. "పర్లాకిమిడే కానీ, ఇంకెక్కడే కానీ. తొంబై రోజులకోసారి వచ్చి ఈ అరుగు మీద కూకుని, ఉన్నాను పెద్దమ్మా అని సెప్పీసెల్లు. నాను రాసుకుంటాను. నాకిప్పుడు రాయడం వచ్చు."

వాడు పొట్టు ఒలుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "నకళ్లు తేవాలా పెద్దమ్మా?"

"ఒద్దు."

"చిరునామా కాయితం?"

"నోరు మూసుకుని రారా."

సన్యాసమ్మ మొహం ఫోను ముందు నిలబెట్టి ఉంది, కదలొద్దని ప్రమోదిని చెబుతోంది. కదలకుండా, పెదవులు మాత్రం ఆడించి అంది.

"ఆ ఉడుముని మాత్రం తేకు బాబూ. దాని పంజాకీ ఇక్కడ ఎర్ర లైటే."